నేల ఆరేదాకా

ఆ బిల్డింగు ముందు హాల్లో ఆమె మొదటిసారి కూర్చున్నది బోర్లించిన బకెట్టు మీద. కాళ్ళు బాగా పీకుతున్నాయి, తుడిచిన నేల ఇంకా ఆరలేదు, చుట్టుపక్కల ఎవరూ లేరు. కూర్చుని మడమ దగ్గర కాస్త రుద్దుకుంది, అంతే. లిఫ్టులోంచి దిగినవాళ్ళెవరో ఫోన్లో ఫొటో తీశారు. సాయంత్రానికల్లా అది బిల్డింగు వాళ్ళ గ్రూపులో తిరిగింది. "చుట్టాలొస్తే ముందు కనబడేది ఇదేనా?" అని ఒకరు, "హాలంటే బిల్డింగుకి మొహం కదండీ" అని ఇంకొకరు, అవునవునంటూ బొటనవేళ్ళ బొమ్మలు పెట్టినవాళ్ళు మరికొందరు. మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ నీళ్ళు నములుతూ ఆ కబురు చేరవేశాడు.

"అక్కా, హాల్లో కూర్చోవద్దంటున్నారు. బకెట్టు మీదైనా సరే."

"సరే" అంది ఆమె.

ఆ సరే చాలా ఏళ్ళు నడిచింది. ఆ ఏళ్ళన్నీ ఆమె నిలబడే ఉంది.

ఆమెకి సొంత పేరుంది గానీ ఆ బిల్డింగులో దాంతో ఎవరికీ పని పడలేదు. పిల్లలు పెట్టిన పేరే ఖాయమైపోయింది. తుడిచిన నేల మీద ఎవరైనా కాలు పెట్టబోతే చాలు, "తడి! తడి!" అని ఆమె వేసే కేక పై అంతస్తుల దాకా వినబడేది. అందుకని పిల్లలకి తడత్త. పిల్లల్ని చూసి పెద్దవాళ్ళకీ తడత్తే. నోరారా అత్తా అని పిలుస్తూనే ఆ అత్తని కూర్చోవద్దనడంలో ఉన్న తమాషా మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆమె పని ఎలా చేస్తుందో ముందు చెప్పాలి. పొద్దున్నే వెనక మెట్ల దారిన వచ్చి, ముందున్న అద్దాల తలుపు దగ్గర మొదలుపెడుతుంది. మాప్ కర్ర తోస్తూ లాగుతూ, తను వెనక్కి అడుగులేస్తూ, హాలు చివర లిఫ్టు పక్కనున్న గోడ దాకా వస్తుంది. తుడిచినచోట తన అడుగే పడకూడదు కదా. మెడ తిప్పి చూసుకునే అలవాటు లేదు. వీపుకి గోడ చల్లగా తగిలిందంటే హాలు అయిపోయినట్టే. అక్కడ నిలబడి నేల ఆరేదాకా కాపలా కాస్తుంది. ఆరాక, "ఆరిందీ!" అని ఇంకో కేక. ఆ రెండో కేక వచ్చేదాకా హాలు దాటేవాళ్ళు లేరు. దిగినవాళ్ళు లిఫ్టు ముందు పరిచిన పట్టా మీద ఆగుతారు, బయటినుంచి వచ్చినవాళ్ళు అద్దాల తలుపు దగ్గర ఆగుతారు. ఆమె చేరిన కొత్తలో ఒక స్కూలు పిల్ల తడినేల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి అదొక కట్టుబాటు. టై కట్టుకున్న ఆఫీసరైనా, గ్యాస్ బండ మోసుకొచ్చినవాడైనా, తడి అంటే ఆగాల్సిందే.

ఆ బిల్డింగు మొత్తంలో ఆమె మాట చెల్లేది ఆ కాసేపే. ఆ కాసేపూ ఆమె నిలబడే ఉండాలి.

తడత్త బతుకంతా ముందు హాళ్ళలోనే గడిచింది. లోపలి గదుల సంగతి ఆమెకి పెద్దగా తెలియదు. ఆమె తల్లి ఒక పెద్దాసుపత్రిలో ఊడ్చేది. బడి లేని రోజుల్లో తల్లి వెంట వెళ్ళి ఆసుపత్రి ముందు హాల్లో ఆడుకునేది. పొడుగాటి చెక్క బల్లలు, వాటి మీద కట్లు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, పుట్టబోయే మనవడి కోసం ఎదురుచూసేవాళ్ళు, ఎవరి కోసమో ఏడ్చేవాళ్ళు. అందరూ ఆ బల్లల మీదే. నిద్రొస్తే ఈ పిల్ల కూడా అక్కడే ఒక మూల ముడుచుకుని పడుకునేది. ఎవరూ లేపేవాళ్ళు కాదు. "కాస్త జరుగు తల్లీ" అనేవాళ్ళు, అంతే. నిద్రలోనే జరిగేదట.

పెద్దదయ్యాక సినిమా హాల్లో పని దొరికింది. అక్కడా లోపల కాదు, ముందు హాల్లోనే. లావుపాటి స్తంభాలు, స్తంభం చుట్టూ ఎర్ర రెక్సిన్ బెంచీ. ఆట మొదలై జనమంతా లోపలికి పోయాక, టికెట్లు చింపేవాడు, టీ అమ్మేవాడు, ఈమె ఆ బెంచీ మీద చేరేవాళ్ళు. తలుపు సందుల్లోంచి వినబడే మాటల్ని బట్టి లోపల ఏం జరుగుతోందో పందాలు వేసుకునేవాళ్ళు. టికెట్లు చింపేవాడు రోజూ ఓడిపోయేవాడు. రోజూ అవే మాటలు వినేవాడికి కథ తెలియకపోవడమేమిటని ఆమెకి చాలా ఆలస్యంగా అనుమానం వచ్చింది. అడిగితే చెవులదాకా ఎర్రబడ్డాడు. అతన్నే చేసుకుంది. తర్వాతెప్పుడో ఆ హాలు కూల్చేశారు. అంతకు ముందే అతను పోయాడు. అప్పుడొచ్చింది ఈ బిల్డింగుకి.

ఈ మూడో హాలు మిగతా రెంటి కన్నా అందమైనది. ఎత్తైన కప్పు, మొహం కనబడే నేల, గోడకి నిలువెత్తు అద్దం, ఇత్తడి కుండీలో ఆకుల మొక్క. లేనిదొక్కటే, కూర్చునే చోటు. అలాంటి హాళ్ళు మీరూ చూసే ఉంటారు. అవి గదుల్లా కనబడతాయి గానీ గదులు కావు. "చూశావుగా, ఇక నడువు" అని మర్యాదగా చెప్పే దారులు. వానలో తడిసి వచ్చినవాడు కాసేపు ఆగడానికి, ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన మనిషి లిఫ్టు కిందికొచ్చేదాకా ఊపిరి తీసుకోవడానికి, తాళంచెవి మర్చిపోయిన పిల్ల అమ్మ కోసం ఎదురుచూడటానికి కదా ఏ ఇంటికైనా ముందొక హాలుండేది. మనం మాత్రం దాన్ని ఫొటో కోసం కట్టుకుంటున్నాం. ఫొటోలో మనుషులుండకూడదని కూడా అనుకుంటున్నాం.

తడత్త కాళ్ళ మీద నరాలు మొదట నీలంగా తేలాయి, తర్వాత మెలికలు తిరిగాయి. పోయిన వానాకాలం ఎడమ చీలమండ పైన చిన్న పుండు లేచింది, ఎంతకీ మానలేదు. క్లినిక్కులో డాక్టరమ్మ కట్టు కట్టి, "మందు సగమే పని చేస్తుందమ్మా. మిగతా సగం నీ చేతిలో ఉంది. మధ్యమధ్యలో కూర్చోవాలి. ఇలాగే నిలబడితే కొన్నాళ్ళకి ఏ పనీ చేయలేవు" అని గట్టిగా చెప్పింది.

"సరే" అంది తడత్త.

వెంట వచ్చిన కోడలు బయటికి రాగానే అందుకుంది. సంచులు కుట్టే షెడ్డులో మెషీన్ల రొదని మించి మాట్లాడి మాట్లాడి ఆ అమ్మాయిది పెద్ద గొంతు.

"సరేనట సరే! ఎక్కడ కూర్చుంటావు అత్తా? ఆవిడకి తలకాయూపావుగా, నాకు చెప్పు."

"చూద్దాంలేవే."

"ఇంట్లో గిన్నె చప్పుడైతే ఇంతెత్తున లేస్తావు. అక్కడికెళ్తే నోరు పడిపోతుందేం?"

"అక్కడా అరుస్తానుగా."

"ఏమని?"

"తడి అని."

కోడలికి నవ్వాగలేదు. కోపమూ పోలేదు. బస్సు ఎక్కేదాకా గొణుగుతూనే ఉంది.

ఆ జీతం ఇంటికి కావాలి. అంతకన్నా ఆ పని తడత్తకి కావాలి. హాళ్ళు తుడవడం తప్ప ఇంకో పని ఆమె ఎన్నడూ చేయలేదు. ఒకరింట్లో మూల కూర్చుని తినే రోజు రావడమంటే, అది కన్నకొడుకు ఇల్లయినా సరే, ఆమెకి ప్రాణం మీదికొచ్చినట్టే. కూర్చుంటే పని పోతుంది. నిలబడితే కాలు పోతుంది. ఆమె ముందున్నది ఆ రెండే దారులు.

అప్పుడే బిల్డింగు కమిటీకి హాలు పాతబడిపోయిందన్న సంగతి గుర్తొచ్చింది. ఒక డిజైనర్ అమ్మాయిని పిలిపించారు. ఆ అమ్మాయి మంచిది. గీతలు గీసే ముందు చాలా రోజులు పొద్దున్నే వచ్చి, ఒక మూల నిలబడి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, సంచులు ఎక్కడ దించుతున్నారో, బూట్ల దారాలు ఎవరు గోడకి ఒరిగి కట్టుకుంటున్నారో చూసింది. చివరికి కళ్ళు చెదిరే దీపాలు తీసేసి మెత్తటి వెలుతురు పెట్టించింది. తలుపు పక్కన గొడుగులకి కొక్కేలు కొట్టించింది. హాలు చివర, లిఫ్టు పక్కన గోడ పొడుగునా ఒక చెక్క బెంచీ చేయించింది. అంచులన్నీ గుండ్రంగా చెక్కించింది.

కమిటీ ప్రెసిడెంటుగారికి దీపాలు నచ్చాయి, కొక్కేలు నచ్చాయి. బెంచీ దగ్గర మాత్రం గడ్డం గోక్కున్నారు. చెడ్డ మనిషేం కాదాయన. నీళ్ళు రాకపోతే పైదాకా ఎక్కి ట్యాంకు తనే చూసొచ్చే మనిషి. "ఎవరు పడితే వాళ్ళు కూర్చుంటారేమో" అన్నారు. చివరికి బెంచీ ఉంచి, దాని పైన గోడకి ఒక బోర్డు కొట్టించారు. "అతిథుల కోసం మాత్రమే" అని.

పనులు జరిగినన్నాళ్ళూ తడత్తని పై అంతస్తుల వరండాలకి పంపారు. హాలు మళ్ళీ ఆమె చేతికొచ్చిన మొదటి పొద్దున, కొత్త హాలు చూడటానికి పక్క బిల్డింగు కమిటీ వాళ్ళు కొందరు వచ్చారు. ప్రెసిడెంటుగారు వాళ్ళని అద్దాల తలుపు బయటే ఆపి, "నేలింకా తడిగా ఉందండీ, మా దగ్గర ఇదొక పద్ధతి" అని కాస్త గొప్పగానే చెబుతున్నారు. లోపల తడత్త వెనక్కి వెనక్కి నడుస్తూ తుడుస్తోంది.

అక్కడ బెంచీ ఉందని ఆమె కళ్ళకి తెలుసు. పొద్దున్నే దుమ్ము దులిపింది తనే. కాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే అవి గోడని వెతుక్కుంటూ వెనక్కి నడిచాయి. పిక్కలకి బెంచీ తగిలింది, మోకాళ్ళు మడతపడ్డాయి, మాప్ కర్ర చేతిలో ఉండగానే తడత్త ధబ్బున కూలబడింది. సరిగ్గా ఆ బోర్డు కింద.

అద్దాల అవతల అందరూ చూశారు. వచ్చినవాళ్ళలో ఒకాయన, "బెంచీ గట్టిగానే చేయించారే" అన్నాడు. ప్రెసిడెంటుగారి మొహం మాడిపోయింది.

తడత్త లేవబోయింది. కానీ కూర్చున్న మరుక్షణం కాళ్ళలోంచి ఏదో బరువు జరజరా దిగిపోయినట్టయింది. కట్టు కింద సలుపు ఒక్కసారి వదిలింది. కాళ్ళు ఆమె మాట వినలేదు. అంతలో లిఫ్టు తెరుచుకుంది, ఎవరో అడుగు బయట పెట్టబోయారు. అలవాటుగా నోటివెంట వచ్చేసింది, "తడి! తడి!"

కూర్చుని అరిచినా కేక అదే. మనుషులు అలాగే ఆగారు. నేల అలాగే ఆరింది. ఇన్నేళ్ళూ ఈ పనికి నిలబడటం ఎందుకు కావాల్సి వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. "ఆరిందీ!" అన్నాకే లేచింది.

చూడొచ్చినవాళ్ళు వెళ్ళాక ప్రెసిడెంటుగారు వచ్చారు. గొంతు పెంచలేదు. "చూడమ్మా, పొరపాటున జరిగిందనుకుంటాను. ఇంకోసారి ఇలా అయితే నిన్ను పంపిన ఏజెన్సీ వాళ్ళతో చెప్పి వేరే మనిషిని పెట్టించుకోవాల్సి వస్తుంది."

ఆమె బకెట్టు తీసుకుని వెనక మెట్ల వైపు వెళ్ళిపోయింది. వాచ్‌మన్ వెనకాలే పరిగెత్తాడు.

"అక్కా, సరే అనలేదేంటి?"

"మర్చిపోయాను" అంది తడత్త.

సాయంత్రం కోడలు కట్టు మారుస్తూ అంతా విని, దూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆపింది.

"ఎలా ఉంది?"

"పుండా?"

"బెంచీ."

"నున్నగా ఉంది. సినిమా హాలు దానికన్నా కాస్త ఎత్తు."

"మరి రేపు?"

"రేపూ గోడ దాకా తుడవాలిగా."

"గోడ ముందు అది ఉందిగా."

"ఉంది."

రోజూ సాధించే కోడలికి ఇప్పుడు భయమేసింది. "పని తీసేస్తారేమో అత్తా. ఏదో అన్నాలే నేను, నా మాట పట్టుకోకు."

"నీ మాటెవరు పట్టుకున్నారే? నాకీ పని కావాలి, అందుకే కూర్చుంటాను. ఈ కాలు పోయాక కూర్చోమని బతిమాలితే మాత్రం ఏం లాభం?"

మర్నాడు తడత్త హాలంతా తుడిచింది. ఈసారి కాళ్ళకీ తెలుసు. పిక్కలకి చెక్క తగలగానే మెల్లగా కూర్చుని, బకెట్టు పక్కన పెట్టి, ఎడమ కాలు ముందుకి చాపింది. గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ చేతులతో సైగలు చేశాడు. చూడనట్టు ఊరుకుంది.

లిఫ్టులోంచి మూడో అంతస్తు మామ్మగారు దిగారు. రోజూ ఆ వేళకి చేతికర్ర పట్టుకుని ఎండలోకి వెళ్ళే మనిషి. నేల ఆరేదాకా లిఫ్టు పక్కన ఒరిగి, ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడటం ఆవిడకీ మామూలే. పట్టా మీద ఆగి, దాని అంచునే ఉన్న బెంచీ వంక చూశారు, తడత్త వంక చూశారు.

"కాస్త జరుగమ్మాయ్."

తడత్త జరిగింది. చిన్నప్పటి ఆసుపత్రి హాలు గుర్తొచ్చి నవ్వుకుంది కూడా. వెనకే స్కూలు బ్యాగులతో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు దిగి, బూట్ల దారాలు కట్టుకునే వంకతో మామ్మగారి పక్కన ఇరుక్కున్నారు. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారు పొద్దున నడక ముగించుకుని అద్దాల తలుపు తోశారు. ఆయన ఆ గుమ్మంలో, వీళ్ళు ఈ బెంచీ మీద, మధ్యలో మెరుస్తున్న తడి నేల.

"ఏమ్మా, నిన్న చెప్పానా లేదా?"

"చెప్పారు సార్."

"మరి లే."

"లేస్తాను సార్, నేల ఆరనివ్వండి."

"నువ్వు లేవడానికీ నేల ఆరడానికీ ఏమిటి సంబంధం?"

"ఆరేదాకా ఇక్కడ ఉండటమే కదా సార్ నా పని. నిలబడితే కాలు పుండు పడుతోంది. కూర్చుని చేస్తాను." చాపిన కాలికున్న కట్టు చూపించింది.

ఆయనకి ఒళ్ళు మండింది. దగ్గరికొచ్చి తేల్చుకుందామని కాలెత్తారు. అంతే, బెంచీ మొత్తం ఒక్కసారిగా అరిచింది. "తడి! తడి!" పిల్లల గొంతులు, మామ్మగారి గొంతు, తడత్త గొంతు, గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ గొంతు కూడా. ఎత్తిన కాలు ప్రెసిడెంటుగారు ఎత్తిన చోటే దించారు. ఏళ్ళ తరబడి అలవాటు ఎక్కడికి పోతుంది?

"బోర్డు చూశారా మామ్మగారూ? అతిథుల కోసం అని రాయించాం కదా" అన్నారు గుమ్మంలోంచే.

"చూశాను. మరి నేను అతిథినా? నన్నూ లేపు నాయనా."

"మీరు ఓనరండీ."

"ఓనర్నే కదా? అయితే విను. ఈ అమ్మాయి నా అతిథి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటుగారు పక్కకి తిరిగి కొత్త గొడుగు కొక్కేల్ని పరీక్షగా చూడటం మొదలుపెట్టారు. "ఆరిందీ!" అని వినబడ్డాక హాలు దాటి, ఎవరి వంకా చూడకుండా లిఫ్టెక్కారు. ఏజెన్సీకి ఫోను వెళ్తుందని వాచ్‌మన్ ఆ రోజంతా బెంగపెట్టుకున్నాడు. వెళ్ళలేదు.

ఆదివారం మీటింగు పెట్టారు. ఎప్పటిలా మేడ మీదైతే చివరి మెట్లు ఎక్కలేనని మామ్మగారు పట్టుబట్టడంతో, మొదటిసారి హాల్లోనే పెట్టారు. బిల్డింగు పరువు గురించి కొందరు గట్టిగానే మాట్లాడారు. ఏజెన్సీ మనిషికి మనమెందుకు సౌకర్యాలు చూడాలని ఒకాయన అడిగాడు. పిలిస్తే వచ్చిన డిజైనర్ అమ్మాయి లేచి, "నేను బెంచీ గీసింది కూర్చోవడానికండీ. బోర్డు నేను గీయలేదు" అని కూర్చుంది. ప్రెసిడెంటుగారు తన భయం దాచుకోలేదు. "రేపు ఎవరో వచ్చి పడుకుంటే?" అన్నారు. "పడుకుంటే అప్పుడు లేపుదాం. కూర్చున్నవాళ్ళనెందుకు లేపడం?" అంది ఆ అక్కాచెల్లెళ్ళ తల్లి. చేతులెత్తించారు. బోర్డు తీసేయాలన్న చేతులే ఎక్కువ. చివర్లో ప్రెసిడెంటుగారూ ఎత్తారు, భుజం దాకా. వాచ్‌మన్ ఎంత సంబరంగా బోర్డు పీకాడంటే, మేకులతో పాటు గోడ పెచ్చు కూడా ఊడొచ్చింది. ఆ గుంటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అన్నీ మారిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. తడత్త ఇప్పటికీ వెనక మెట్ల దారినే రావాలి. ఏజెన్సీ ఇప్పటికీ జబ్బు చేస్తే సెలవివ్వదు. ఆ రెండు సంగతులూ వచ్చే మీటింగులో అడగాలని ఆ అక్కాచెల్లెళ్ళ తల్లి ఇప్పటినుంచే ఇంటింటికీ చెప్పి పెడుతోంది. పుండు మాత్రం ఎండి, చిన్న గోధుమ రంగు మచ్చగా మిగిలింది. డాక్టరమ్మ చూసి "ఏం మందు వాడావు?" అంటే, కోడలు అందుకుని "చెక్క మందండీ" అందట.

ఇప్పుడా బెంచీ ఖాళీగా ఉండటం అరుదు. పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు అక్కడ నీళ్ళు తాగి వెళ్తారు. ఎదురెదురు తలుపుల వాళ్ళు అక్కడే ఒకరి గొంతు ఒకరు మొదటిసారి విన్నారు. హాలు ఫొటోలో మునుపటంత శుభ్రంగా రావడం లేదు. మనుషులు పడుతున్నారు మరి.

ఇక మీతో ఒక మాట. ఇవాళ మీ ఇంటికో, ఆఫీసుకో, బ్యాంకుకో వెళ్ళినప్పుడు ముందు హాల్లో ఒక్క నిమిషం ఆగండి. అక్కడ రోజంతా ఎవరు నిలబడుతున్నారో చూడండి. తుడిచేవాళ్ళు, తలుపు తీసేవాళ్ళు, లిఫ్టు నడిపేవాళ్ళు. వాళ్ళకొక కుర్చీ ఉందా? లేకపోతే మీ ఇంట్లో బట్టలు ఆరేస్తున్న ఆ పాత కుర్చీ కిందికి దించండి. ఎవరైనా అభ్యంతరం చెబితే మీటింగులో లేచి మాట్లాడండి. కుర్చీ వేసి ఊరుకోకండి, కూర్చోమని నోటితో చెప్పండి. వాళ్ళంతట వాళ్ళు అడుగుతారని ఎదురుచూడకండి. అడగరు. "సరే" అని నిలబడే ఉంటారు.

మీ హాల్లో బెంచీ ముందే ఉండి, దాని మీద మీరే కూర్చుని ఉంటే, పని ఇంకా తేలిక. కాస్త జరగండి.